రాయని మందుకు ఫీజు

జలుబు, దగ్గు, గొంతునొప్పి అని వచ్చినవాళ్లకి యాంటీబయాటిక్ రాయాలా అక్కర్లేదా అన్నది వైద్య పుస్తకాల్లో ఎప్పుడో తేలిపోయింది. డాక్టరు గదిలో మాత్రం ఇంకా తేలలేదు. మా మేనల్లుడు ఈమధ్యే ఒక మండల కేంద్రంలో క్లినిక్ పెట్టుకున్నాడు. నేనూ అదే వృత్తిలో ముసలివాణ్ణయినవాణ్ణి. వాడి దగ్గరికి వెళ్లి ఒక పూట కూర్చుని చూశాక, మా ఇద్దరి మధ్య నడిచిన వాదన ఇది. వాడి వాదాన్ని వాడి మాటల్లోనే పెట్టాను. గెలిచింది నేనని చెప్పుకుంటున్నాను కాబట్టి ఆ మాత్రం న్యాయం చెయ్యాలి.

మేనల్లుడు: మామయ్యా, నాకు తెలియక కాదు. కొత్తగా వచ్చిన దగ్గుల్లో నూటికి తొంభై వైరస్ వల్లే వస్తాయని నేనూ పరీక్షలో రాసి పాసయ్యాను.

మేనమామ: మరి తెలిసీ ఎందుకు రాస్తున్నావు, అల్లుడూ?

మేనల్లుడు: నేను రాయకపోతే పక్క సందులో ఆర్.ఎం.పి. రాస్తాడు. ఆయన దాకా కూడా అక్కర్లేదు, మందుల షాపులో అజిత్రోమైసిన్ మూడు బిళ్ళలు కత్తిరించి ఇస్తారు. మందు ఎలాగూ ఆగదు. రోగి మాత్రం నా చెయ్యి జారిపోతాడు.

మేనమామ: నీ అసలు అభ్యంతరం ఇదే. దీన్ని తీరిగ్గానే చూద్దాం. పొద్దున నీలం చొక్కా ఆయన వచ్చాడు, గుర్తుందా? ఐదు రోజులుగా దగ్గు. పడుకుంటే తెరలు తెరలుగా వస్తోందనీ, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదనీ అన్నాడు. నువ్వు వీపు మీద నాలుగు చోట్ల స్టెతస్కోపు పెట్టి విన్నావు. ‘చెస్ట్ క్లియర్’ అని నాతో అన్నావు, ఆయనతో అనలేదు. తల వంచుకుని అజిత్రోమైసిన్ 500, దగ్గు సిరప్, గ్యాస్ బిళ్ళ రాశావు. ఆయన యాంటీబయాటిక్ కావాలని అడిగాడా?

మేనల్లుడు: నోటితో అడగలేదు. మొహం చూస్తే తెలిసిపోతుంది కదా.

మేనమామ: ఆ మొహం చూసి తెలుసుకోవడం మీదే ఆస్ట్రేలియాలో ఒక పరిశీలన చేశారు, 1997లో అచ్చయింది. మందు రాస్తారని ఆశించి వచ్చిన రోగులకి మందు దొరికే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. అదే, రోగి మందు ఆశిస్తున్నాడని డాక్టరు అనుకుంటే పది రెట్లు! రోగి కోరికకంటే మన ఊహకే బలం ఎక్కువన్న మాట. ఆయన మొహంలో నువ్వు నీ భయాన్ని చదువుకున్నావురా.

మేనల్లుడు: పోనీ, ఆయనకి కావలసిందేమిటంటారు?

మేనమామ: ఇది న్యుమోనియా కాదు కదా అన్న ధైర్యం. ఎన్నాళ్లకి తగ్గుతుందో ఒక లెక్క. ఈ రెండూ నీ దగ్గర ఉన్నాయి, ఇవ్వలేదు. ఇలాంటి దగ్గు సగటున పద్దెనిమిది రోజులుంటుంది. జనం ఒక వారం, మహా అయితే తొమ్మిది రోజులు అనుకుంటారు. ఈ తేడాలోనే మన వ్యాపారమంతా నడుస్తోంది. నీ కోర్సు ఎనిమిదో రోజుకి అయిపోతుంది, దగ్గు అలాగే ఉంటుంది. ‘ఈ డాక్టరు మందు పనిచెయ్యలేదు’ అని ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. ఆయన ఇంకా స్ట్రాంగ్ మందు రాస్తాడు. పద్దెనిమిదో రోజున దానంతటదే తగ్గితే పేరు ఆయనకి. రోగి పోతాడని భయపడి మందు రాశావు, రాసి మరీ పోగొట్టుకున్నావు.

మేనల్లుడు: నిజమే... కానీ రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించాలని టీబీ కార్యక్రమంలో చెప్తారు. పద్దెనిమిది రోజులు ఊరుకోమంటే ఎలా?

మేనమామ: ఊరుకోమని ఎవరన్నారు? రెండు వారాలు దాటితే కఫం పరీక్షకి రమ్మని ముందే చెప్పు. మందు రాసేస్తే ఆ మాట చెప్పడం మనకీ గుర్తుండదు. పైగా ‘స్ట్రాంగ్’ పేరుతో లెవోఫ్లాక్సాసిన్ రాశావనుకో, టీబీ ఉంటే అది కొన్నాళ్లు అణిగినట్టు కనిపిస్తుంది, రోగ నిర్ధారణ వెనక్కి పోతుంది.

మేనల్లుడు: పెద్దవయసువాళ్ల సంగతో? రిస్క్ తీసుకోలేం కదా.

మేనమామ: యూరప్‌లో పన్నెండు దేశాల్లో, న్యుమోనియా అనుమానం లేని దగ్గు రోగులు రెండు వేల పైచిలుకు మందికి, సగం మందికి ఎమోక్సిసిలిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. దగ్గు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అరవై దాటినవాళ్లలోనూ అంతే. వికారం, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు మాత్రం మందు వేసుకున్నవాళ్లలో ఎక్కువ.

మేనల్లుడు: గొంతునొప్పికి రాయకపోతే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవుతాయని భయం.

మేనమామ: దానికి సెంటర్ స్కోరు ఉందిగా. జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడలో నొక్కితే నొప్పెట్టే గ్రంథులు, దగ్గు లేకపోవడం. ఇవన్నీ ఉంటే ఎమోక్సిసిలిన్ నిక్షేపంగా రాయి. మామూలు గొంతునొప్పికి యాంటీబయాటిక్ వేస్తే కలిసొచ్చేది సగటున పదహారు గంటలు.

మేనల్లుడు: చిన్నపిల్లలు...

మేనమామ: చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. పిల్ల ఏడుస్తుంటే ఊరుకునేదాకా ఆగు. రెండు నెలలు దాటి ఏడాది లోపు పిల్లలకి యాభై, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా నలభై. అంతకి చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా న్యుమోనియా కిందే చూడు. లేకపోతే తల్లికి ధైర్యం చెప్పు. అక్కడితో సరి.

మేనల్లుడు: ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక్క నా చీటీతో ఏం కొంప మునుగుతుంది మామయ్యా? పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలని శుద్ధి చేసి వదిలే నీళ్లని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రకటించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందట. మందు మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. వాళ్లు వాగుల్లో కలిపేస్తుంటే మండల కేంద్రంలో నేను మూడు బిళ్ళలు పొదుపు చెయ్యాలా?

మేనమామ: ఈ మందుల కథలో మనవాళ్లు తొలినుంచీ ఉన్నారురా. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే ఆరియోమైసిన్ బయటపడింది. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటిది. దాన్ని మట్టిలోంచి పట్టుకున్న బెంజమిన్ డగ్గర్‌కి అప్పటికి డెబ్బై దాటాయి. లోకానికి ప్రకటించింది 1948లో, సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడే. ఫైలేరియాకి హెట్రజాన్ కూడా ఆయన బృందం చలవే. మన పల్లెల్లో ఏనుగు కాళ్లు చూసినవాడికి ఆ మందు విలువ తెలుస్తుంది. ఆయనకి నోబెల్ ఇవ్వాల్సిందని మా ప్రొఫెసర్లు గంటలు గంటలు...

మేనల్లుడు: మామయ్యా, నా చీటీ దగ్గర ఉన్నాం.

మేనమామ: ఆఁ, ఆఁ. ఫ్యాక్టరీల సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. నీ చీటీ సంగతి విను. దగ్గుకో జలుబుకో ఒక కోర్సు వాడిన మనిషి ఒంట్లోని బాక్టీరియా ఆ మందుకి మొండికేసే అవకాశం మొదటి నెలలో బాగా ఎక్కువ, ఏడాది దాకా కూడా ఆ ఛాయ కనిపించవచ్చు. రేపు ఆయనకే నిజంగా న్యుమోనియా వస్తే, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే, నువ్వు రాసే మొదటి మందు పారకపోవచ్చు. దేశం సంగతి అలా ఉంచు, దెబ్బ నీ రోగికే. ఒక్క నా చీటీయే కదా అని అందరూ రాసినవే కలిసి, 2019లో మన దేశంలో ప్రైవేటుగా అమ్ముడైన యాంటీబయాటిక్‌లలో అజిత్రోమైసిన్ 500ని అన్నిటికంటే పైన కూర్చోబెట్టాయి.

మేనల్లుడు: సరే, ఒప్పుకున్నాను. షాపువాళ్లని ఎవరాపుతారు మరి?

మేనమామ: చట్టం ఉంది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి 2014 మార్చి నుంచి హెచ్1 జాబితాలో ఉన్నాయి. డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి. అమలు సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ షాపువాడికి ‘ఇదే ఇవ్వొచ్చు’ అని నేర్పింది ఎవరు? మన చీటీలు చూసి చూసే కదా నేర్చుకున్నాడు. ఆర్.ఎం.పి. గురువులూ మనమే.

మేనల్లుడు: చివరిగా ఒక్కటి. అసలు నన్ను పీడిస్తున్నది ఇదే, ఇందాకటినుంచి చెప్పలేదు. ఏమీ రాయకుండా ఫీజు ఎలా తీసుకోను? ‘ఉత్త చేతులతో పంపించాడు’ అంటారు.

మేనమామ: ఉత్త చేతులతో ఎందుకు పంపుతావు? అదే చీటీ మీద తెలుగులో రాయి. ‘ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇది వైరస్ దగ్గు, మూడు వారాల దాకా పట్టవచ్చు. ఆయాసం వచ్చినా, కఫంలో నెత్తురు కనిపించినా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా వెంటనే రండి. రెండు వారాలు దాటితే కఫం పరీక్ష.’ జ్వరానికి పారాసెటమాల్ రాసి, రాత్రి దగ్గుకి తేనె చెప్పు. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె వద్దు. వినిపించేలా చదివి ఆయన చేతికివ్వు. నీ భయం నిజమై ఆయన పక్క సందుకి వెళ్లినా, ఆ కాగితం వెంట వెళ్తుంది. ఆర్.ఎం.పి. కూడా చదువుతాడు.

మేనల్లుడు: అది రాయడానికి బిళ్ళ పేరు రాసినదానికంటే మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మేనమామ: ఫీజు ఆ మూడు నిమిషాలకే. బిళ్ళ ఇవ్వడానికైతే షాపువాడు ఉన్నాడు, వాడు ఫీజు కూడా అడగడు. వాడు చెయ్యలేని పని నువ్వు చేసినన్నాళ్లే జనం నీ దగ్గరికి వస్తారు.