బిడ్డకు మనము నేర్పుచున్నదేమి?

"చదువుకోకపోతే గేదెలు కాసుకొని బ్రతుకుతావు." ఈ మాట వినని తెలుగు బాలుడుండడు. ఇంటిలో తండ్రి అనును. బడిలో ఉపాధ్యాయుడు అనును. పండుగకు వచ్చిన మేనమామయు అనును. అనువారందరును బిడ్డ మేలుకోరియే అందురు. మాటలో కోపమున్నను, వెనుక నున్నది ప్రేమయే. కాని ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. ఆ తరగతిలోనే వెనుక వరుసలో కూర్చున్న వేరొక బాలుని తండ్రి నిజముగనే గేదెలు కాయుచున్నాడు. ఆయన పిండిన పాలే ఉపాధ్యాయుని ఇంటికిని చేరుచున్నవి. ఆ మాట విని ఆ బాలుడు తలవంచుకొనును. తక్కినవారు నవ్వుదురు. ఆనాటి పాఠము గణితమైనను, తెలుగైనను, పిల్లలందరును నేర్చుకొన్న పాఠము మాత్రము వేరొకటి: పని యనునది శిక్ష, చదువు ఆ శిక్షనుండి తప్పించుకొను దారి.

మన పనినుండి మన బిడ్డలను తప్పించుటకే వారిని చదివించుచున్నప్పుడు, ఆ పనిని గూర్చియు, అది చేయు మనలను గూర్చియు వారికి ఏమి నేర్పుచున్నాము? తమకు అన్నము పెట్టిన చేతులను చిన్నచూపు చూచుట నేర్పిన చదువు, ఎంత గొప్ప ఉద్యోగము నిచ్చినను, చదువగునా? కాయకమును నమ్మిన కుటుంబములవారు ఈ ప్రశ్నను దాటిపోవుటకు వీలులేదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు అనుభవమంటపమున కూడిన శరణుల పేర్లను ఒకసారి తలచుకొందము. మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనినవాడు. వీరు తమ పని పేరును దాచుకొనలేదు. దానిని తమ పేరుకు ముందుంచుకొనిరి. బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచిన బసవన్నయు, త్రాళ్లు పేనిన చందయ్యయు ఒకే సభలో కూర్చుండి మాటలాడిరి. పనిలో ఎక్కువ తక్కువలు లేవు. చేయు మనస్సులో మాత్రమే ఉన్నవి అనుట వారి సిద్ధాంతము. ఈ సిద్ధాంతమును మనము పండుగనాడు వేదికపై చెప్పుదుము. మరునాడు ఉదయము గేదెల మాట చెప్పి బిడ్డను బెదిరించుదుము. బిడ్డ ఈ రెంటిలో దేనిని నమ్మును? రోజును వినునదియే నమ్మును.

ఇందుకు నా బాల్యమునుండి ఒక సంగతి మనవి చేయుదును. మా తండ్రిగారు కూరగాయలు పండించి, వారపు సంతలో తూచి అమ్మెడివారు. నేను నాలుగవ తరగతిలో ఉండగా ఒకనాడు ఆయన సంతకు పోవుచు, నెత్తిన గంపతో బడి వాకిట నిలిచి, నేను ఇంట మరచిన పలకను అందించిరి. ప్రక్కనున్న పిల్లవాడు "ఎవరు?" అని అడిగెను. నేను "మా ఊరి మనిషి" అంటిని. మా తండ్రిగారికి ఆ మాట వినబడెను. ఆయన ఏమియు అనక వెడలిపోయిరి. ఉపాధ్యాయునికిని వినబడెనని నాకు తరువాత తెలిసినది.

ఆ ఉపాధ్యాయుడు నన్ను దండింపలేదు, నీతి బోధింపలేదు. అవి దేశమంతట క్రొత్తగా కిలోల తూనిక వచ్చిన రోజులు. 1956 నాటి చట్టము ననుసరించి మెట్రిక్ తూనికలు క్రమక్రమముగా అమలులోనికి వచ్చుచుండగా, 1960 దశకపు ఆరంభమున పల్లె సంతలలో సేరునకును, కిలోకును మధ్య ప్రతిదినము తగవులే. తరువాతి వారము ఉపాధ్యాయుడు మా తండ్రిగారికి కబురంపి, త్రాసుతో సహా తరగతికి పిలిపించిరి. తమ కుర్చీని చూపి, "మీరు కూర్చోండి. సేర్లలో చెప్పిన ధరను కిలోలలోకి ఎట్లా మార్చుతున్నారో మా పిల్లలకు చెప్పండి" అని కోరిరి. మా తండ్రిగారు కూర్చుండలేదు, నిలుచుండియే చెప్పిరి: "పదిహేను సేర్లంటే పద్నాలుగు కిలోలు. ఇదొక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు, సంతలో ఎవరూ మోసపోరు."

ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వేసి చూపిరి. సేరునకు 80 తులములు. పదిహేను సేర్లకు 1200 తులములు. తులమునకు సుమారు 11.66 గ్రాములు, మొత్తము 14 కిలోలకు మూడు నాలుగు గ్రాములు మాత్రమే తక్కువ. బడి మెట్లెక్కని మనిషి నోటిలోని లెక్క, పుస్తకములోని లెక్కతో సరిపోయెను. ఉపాధ్యాయుడు మా తండ్రిగారికి నమస్కరించిరి. తరగతిలో నా ప్రక్కన కూర్చున్న ఆ పిల్లవాడు "మీ నాయనేనా?" అని మరల అడిగెను. "అవును" అంటిని. నా చదువు ఆనాడు మొదలైనదని ఇప్పటికిని నా నమ్మకము.

ఆ ఉపాధ్యాయుడు చేసిన పని ఎట్టిదో గమనింపుడు. ఇల్లు ఒక ప్రపంచము, బడి వేరొక ప్రపంచము అని భావించిన బాలునికి, ఆ రెండును ఒకటే అని చూపిరి. మంచి గురువు చేయవలసినది ఇదియే. ఇంటినుండి బిడ్డను వేరుచేసి గొప్పవానిని చేయుట సులభము. ఇంటితో కలిపి గొప్పవానిని చేయుట కష్టము. మా తండ్రిగారు చేసినదియు తక్కువ కాదు. ఆయన నా మాటను ఎన్నడును ఎత్తి చూపలేదు. ఆ మాట అన్నందులకు సిగ్గుపడు బాధ్యతను నాకే విడిచిపెట్టిరి.

ఇక తల్లిదండ్రుల సంగతి. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మనవారు ఊరక అనలేదు. బిడ్డ మన ఉపదేశమును చెవితో వినును, మన నడతను కంటితో చూచును. కన్ను నేర్చినదానిని చెవి చెరపలేదు. అబద్ధమాడరాదని చెప్పిన తండ్రియే, తలుపు తట్టిన అప్పులవానికి "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని బిడ్డనే పంపును. చదువుకొమ్మని గదమాయించిన తల్లిదండ్రులే సాయంకాలమంతయు చేతిలోని ఫోనునుండి తల ఎత్తరు. మార్కుల కాగితము చూచి, "ప్రక్కింటి వానికెన్ని వచ్చాయి?" అని అడుగుదురుగాని, "నీకు అర్థం కానిదేది?" అని అడుగువారు అరుదు. మొదటి ప్రశ్న బిడ్డకు అసూయను నేర్పును. రెండవది చదువును నేర్పును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన ఇండ్లలో తెలిసినదే. వాకిట రాలిన బియ్యపు గింజల నేరుకొని, దానితోనే దాసోహము సాగించిన దంపతులు వారు. ఒకనాడు మారయ్య అవసరమునకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఎక్కువైనదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. ఈ కథను మనము దానధర్మములకు దృష్టాంతముగా చెప్పుకొందుము. నేను దీనిని విద్యకు దృష్టాంతముగా చూచుచున్నాను. అట్టి తల్లి ఉన్న ఇంటిలో పెరుగు బిడ్డకు నిజాయితీని గూర్చి వేరుగా పాఠము చెప్పనక్కరలేదు. ఇంటిలోనికి వచ్చిన ప్రతి వస్తువును "ఇది మనదేనా?" అని అడుగు అలవాటు ఆ బిడ్డకు తల్లిపాలతోనే అబ్బును.

మంచి గురువునకును, తల్లిదండ్రులకును ఇంకొక లక్షణముండవలెను: బిడ్డ ప్రశ్నను సహించుట. బసవన్న బాల్యమును గూర్చి సంప్రదాయము చెప్పు కథ ఇచట జ్ఞాపకమునకు వచ్చును. ఎనిమిదవ ఏట ఉపనయనము తలపెట్టినప్పుడు, అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకెందుకని ఆ బాలుడు ప్రశ్నించెనట. ఇంటివారు సమాధానము చెప్పలేకపోయిరి. బాలుడు ఇల్లు విడిచి, కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమమును చేరెను. అచట గురువు ఆ ప్రశ్నించు బాలుని త్రోసివేయలేదు; దగ్గరకు తీసి విద్య నేర్పెను. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణమును తెలుగు ద్విపదలో రచించి, ఆ చరితమును మనకు మన భాషలోనే అందించినాడు. మనలో ఎందరము ఆ కథను భక్తితో విని, మన ఇంటి బాలుడు "ఎందుకు?" అని అడిగినప్పుడు "నోరు మూసుకో" అనుచున్నాము? మన ఇంటి బాలిక "అన్నను ఆ కాలేజీలో వేసి నన్నెందుకు వేయరు?" అని అడిగినప్పుడు ఆమె ప్రశ్న నాగమ్మను గూర్చిన ఆనాటి ప్రశ్నయే అని గుర్తించుచున్నామా?

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును, అది న్యాయమైనదే. "పనిని గౌరవించుట మంచిదే. కాని ఎండలో నడుము విరుగ పనిచేసినవానికి తెలియును ఆ కష్టము. తన బిడ్డకు అది వద్దనుకొనుట తప్పా? తండ్రి వృత్తినే కుమారుడు చేయవలెనని చెప్పుటకా కాయకము?" అని అడుగువారున్నారు. కాదు. తండ్రి పనిని బిడ్డపై రుద్దుట కులధర్మము, కాయకము కాదు. కాయకము పనికి గౌరవమిచ్చినది. పుట్టుకతో పనిని ముడిపెట్టలేదు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ వంశమున పుట్టిన మధువరసుని కుమార్తెకును పెండ్లి జరిపించి, అందులకై ప్రాణములర్పించిన పరంపర మనది. అక్షరము కొందరికే అను నియమము క్రింద తరతరములు నలిగినవారికి చదువే విడుదల. అందుచేతనే 6 మొదలు 14 ఏండ్ల బాలబాలికలందరికిని ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 నాటి చట్టము, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చుట మనకు సంతోషకరము. గేదెలు కాయువాని కుమారుడు వైద్యుడు కావలెను, ఇంజనీరు కావలెను, తప్పక కావలెను. కాని గేదెలు కాచిన తండ్రిని చూచి సిగ్గుపడు వైద్యుడు, రేపు తనయొద్దకు వచ్చిన గేదెల కాపరిని ఏ కంటితో చూచును? ఈ ప్రశ్న ఒక్క కుటుంబమునకు చెందినది కాదు, సంఘమునకంతకును చెందినది.

చేతిపనిని చదువులో చేర్చు ప్రయత్నము మన దేశమున జరిగినది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముని ఆధ్వర్యమున విద్యాసమ్మేళనము జరిగినది. వడకుట, నేయుట, సేద్యము వంటి పనుల ద్వారా అన్ని విషయములను నేర్పవలెనను పద్ధతి అచట రూపుదాల్చినది. డాక్టరు జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన పాఠ్యప్రణాళికయు సిద్ధమైనది. అది ఎందుకు నిలువలేదు? కారణములు పెక్కు. కాని మనము ఒప్పుకొనవలసినదొకటి కలదు. ఆ బడులు పేదల పిల్లలకు మంచివని పొగడినవారిలో అనేకులు, తమ పిల్లలను మాత్రము వేరు బడులకు పంపిరి. రాట్నము బిడ్డకు చెప్పిన పాఠమును పెద్దల నడత చెరిపివేసినది.

పెద్దల నడతయే పాఠమై నిలిచిన చోటునొకదానిని చెప్పి ముగింతును. కర్ణాటకమున తుమకూరు చెంత సిద్ధగంగా మఠము కలదు. 1907లో వీరాపుర గ్రామమున జన్మించి, 2019 జనవరి 21న శివైక్యమొందిన శివకుమార మహాస్వాములవారి కాలమున, ఆ మఠమున వేలాది బాలురు కులమత భేదము లేక అన్నమును, వసతిని, విద్యను ఉచితముగా పొందిరి. స్వాములవారు తాము కళాశాల చదువు చదివినవారు. అయినను జోలెపట్టి పల్లె పల్లె తిరిగి బిడ్డలకై ధాన్యము యాచించిరి. అచట చదివిన పిల్లలకు తమ అన్నము ఎవరి చేలనుండి వచ్చినదో ఒకరు చెప్పనక్కరలేదు. చదివినవాడు వంగుట నేర్వవలెనని ఆ గురువు ఉపన్యాసముతో చెప్పలేదు. తాను వంగి చూపెను.

మనము స్వాములము కాకపోవచ్చును. కాని చేయదగినవి మన యిండ్లలోను కలవు. "గేదెలు కాస్తావు" అను బెదిరింపును నేటితో మానుదము. ఏడాదికొక్కసారియైనను బిడ్డను మన పని చోటికి, పొలమునకైనను, అంగడికైనను, కార్యాలయమునకైనను తీసికొనిపోయి, మనము సంపాదించు విధమును చూపుదము. తిన్న పళ్లెమును తానే కడుగుట కొడుకునకును కూతురునకును సమముగా నేర్పుదము. ఉపాధ్యాయుని గూర్చి బిడ్డ ఎదుట తేలికగా మాటలాడకుందము. ఉపాధ్యాయులును తల్లిదండ్రులను తక్కువ మార్కులు వచ్చిననాడే కాక, వారి నేర్పును తరగతికి చెప్పుటకును పిలుతురు గాక. మఠములవారు విద్యార్థి వసతులలో చదువుతోపాటు తోటపనికి, వంటయింటి సేవకు కొంత కాలము నియమింతురు గాక. ఆ నియమము పేద విద్యార్థులకు మాత్రమే గాక, ధనికుల బిడ్డలకును వర్తించును గాక.

రేపు ఎవరైనను మన బిడ్డను "మీ నాయన ఏమి చేయును?" అని అడిగినప్పుడు, తల ఎత్తి, తడుముకొనక, ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగిననాడు ఆ బిడ్డ చదివిన చదువు నిజమైన చదువు. ఆ జవాబును సిద్ధము చేయవలసినవారము మనమే.

శరణు శరణార్థి.