కట్ట వేసినవారిదేనా నీరు?



బళ్ళారి, రాయచూరు, షోలాపూరు ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలకు మెట్ట వాన సంగతి వేరే చెప్పనక్కరలేదు. సంవత్సరములో గట్టిగా కురిసేది కొద్ది దినములే. కురిసినప్పుడు గంటసేపు కుమ్మరించి, ఎర్రమట్టిని కడుగుకొని వాగులో పడి పోతుంది. చూచినవారి నోట వచ్చే మాట ఒకటే: "ఇంత నీరు వృథాగా పోతున్నదే, ఎక్కడికక్కడ అడ్డకట్ట వేస్తే ఎంత బాగుండును!" ఈ మాటలో దయ ఉన్నది. కాని "వృథా" అన్న పదము నిజమేనా అని కొంచెము విచారింపగోరుచున్నాము. ఎందుకనగా కట్టలకు, కందకాలకు చందా ఇచ్చే మంచి అలవాటు మనలో చాలామందికి ఉన్నది. ఇచ్చిన తరువాత ఆ కట్ట దిగువన ఏమి జరిగినదని అడిగే అలవాటు మాత్రము తక్కువ.

మొదట నెగెబు సంగతి చెప్పుకొందాము. అబ్రాహాము, ఇస్సాకు మందలతో తిరిగిన బెయేర్షెబాకు దక్షిణముగా అవ్‌దాత్ అనే పాత పట్టణపు శిథిలాలు ఉన్నవి. అక్కడ వాన సాలుకు ఇంచుమించు 100 మిల్లీమీటర్లు, మన అనంతపురములో కురిసేదానిలో అయిదోవంతు కూడా కాదు. అయినను పూర్వము నబతీయులు అక్కడ సేద్యము చేసిరి. 1950ల చివర మైకేల్ ఎవెనారి అనే వృక్షశాస్త్రజ్ఞుడు, షానాన్, తాద్మోర్ అనే సహచరులతో కలిసి ఆ పాత పొలాలను తిరిగి కట్టి, పంట వేసి, ఏ వాలునుండి ఎంత నీరు దిగుచున్నదో కొలిచిరి. ఒక ఎకరము పండుటకు ఇరవై, ముప్పై ఎకరాల కొండవాలు నీరు కావలసి వచ్చినది. తడిసిన నేల పైపొర గట్టిపడి నీటిని లోపలికి దిగనీయదని, వాలుమీది రాళ్ళు ఏరివేస్తే పారే నీరు పెరుగుతుందని వారు కొలిచి చూపిరి. మాకు ఇందులో విశేషముగా తోచినది వేరొకటి. ఏ వాలు నీరు ఏ పొలానిదో ఆ పూర్వులు కాలువలతో పంచిపెట్టుకొని ఉండిరి. అక్కడ కట్ట అంటే నీటిని పట్టుకొనుట మాత్రమే కాదు, ఇరుగుపొరుగు చేసుకొన్న ఒడంబడిక కూడా.

ఒడంబడిక లేని కట్ట ఏమగునో ఆఫ్రికాలోని యతెంగా ప్రాంతము చూపినది. నేటి బుర్కినా ఫాసో దేశములోనిది అది. 1962 నుండి 1965 వరకు పెద్ద యంత్రాలతో సుమారు 1,20,000 హెక్టార్లలో మట్టిగట్లు పోసిరి. ఉద్దేశము మంచిదే. కాని అక్కడి రైతులను ఎవరూ అడుగలేదు. అడుగనివారి గట్టు అడుగనివారిదే అయినది గనుక దానిని బాగుచేసినవారు లేరు. మట్టిగట్టు గుణము మీకు తెలిసినదే. నిండుగా ఉన్నంతకాలము నీటిని నిలుపుతుంది. ఒక్కచోట గండిపడినచో అంతవరకు పలుచగా పారిన నీరంతా ఆ ఒక్క సందులోనే దూకి, గట్టు లేనప్పటికంటె లోతుగా నేలను కోస్తుంది.

1979లో ఆక్స్‌ఫామ్ సంస్థ అదే ప్రాంతానికి వచ్చి, నెగెబు పద్ధతిలోనే చిన్నచిన్న నీటి మడులు కట్టి చెట్లు పెంచజూచినది. రైతులకు చెట్లకంటె జొన్న ముఖ్యము. వారు ఆ ఉపాయాన్ని తమ చేలకు త్రిప్పుకొనిరి. మట్టిగట్టుకు బదులు వాలుకు అడ్డముగా రాళ్ళ వరుసలు పేర్చిరి. సమమట్టము చూచుకొనుటకు నీరు నింపిన గొట్టము చాలినది. రాళ్ళ వరుస నీటిని ఆపదు. నెమ్మది చేస్తుంది. నీరు పరచుకొని, మట్టిని అక్కడ దింపి, సందులలోగుండా క్రిందివాని చేనికి పోతుంది. ఇంజనీర్లు గొప్పగా చెప్పుకొనే పని కాదిది, కాని రైతులు ఒకరినిచూచి ఒకరు నేర్చుకొనిరి.

ఇక "వృథా" అన్న మాట. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు టూంబ్‌స్టోన్ పట్టణము దగ్గర వాల్నట్ గల్చ్ అనే వాగు చుట్టునున్న సుమారు 150 చదరపు కిలోమీటర్ల మేతభూమిలో 1953 నుండి వానను, వరదను కొలుచుచున్నారు. అక్కడ తేలినదేమనగా, ఎగువన పుట్టిన వరదలో చాలా భాగము చివరివరకు చేరదు. ఇసుక వాగులో దారిపొడుగునా ఇంకిపోతుంది. పోయినదనుకొన్న నీరు దిగువ బావులలోకి దిగుచున్నదన్నమాట.

మన దగ్గరి సాక్ష్యము ఇంకా సూటిగా ఉన్నది. 2001లో కర్ణాటకలోని బళ్ళారి, బిజాపూరు, చిత్రదుర్గ జిల్లాలలోను, 2003లో ఆంధ్రలోని కల్యాణదుర్గం, డోన్ ప్రాంతాలలోను నీటి లెక్కలు తీసిరి. ఎగువన చెక్‌డ్యాములు, గట్లు పెరిగి, వాటి ప్రక్కనే బోర్లు పెరిగినచోట దిగువనున్న పాత చెరువులకు నీరు రావడము తగ్గినదని ఆ లెక్కలలో తేలినది. ఎగువ రైతుకు రెండో పంట వచ్చినది, నిజమే. చెరువు క్రింద ఒక్క కారు పండించుకొనేవానికి, ఆ చెరువులో చేపలు పట్టేవానికి, బట్టలుతికేవానికి ఏమి వచ్చినది? ఫోటోలో చెక్‌డ్యాము నిండుగా కనబడుతుంది. ఎండిన చెరువు ఆ ఫోటోలో ఉండదు.

"ఎగువవాడు పేదవాడు కాడా? తన చేనిమీద పడిన చినుకును ఆపుకొనుట తప్పా?" అని మీరడుగుదురు. తప్పని మేము అనము. తన మట్టిని కాపాడుకొనుటకు, పైరుకు తడి నిలుపుకొనుటకు అతనికి హక్కున్నది. కాని ఆపిన నీటిని బోరుతో తోడి చెరకుకు పెట్టునప్పుడు ఆ హక్కు మరొకరి హక్కును తినుట మొదలుపెడుతుంది. హద్దు ఎక్కడనున్నదో దయకు తెలియదు, కొలతకే తెలుస్తుంది. అందుచేత పరిశోధన అనేది పండితుల వినోదమని మేము తలంచము. పొరుగువానికి నష్టము చేయుచున్నామా అని తెలిసికొనుటకు వేరొక దారి లేదు గనుక అది మేలు చేయబూనినవాని బాధ్యతలో భాగమే.

ఇందులో ఒక చిక్కున్నది. కట్ట వలన మేలు కలిగినదా, వానలు బాగున్నందున కలిగినదా తేల్చవలెనంటే, అటువంటిదే ఇంకొక వాలును ఏమీ చేయకుండ కొన్ని ఏండ్లు వదలిపెట్టి పోల్చవలెను. "మా చేను ఏ పాపము చేసినది?" అని ఆ వాలు యజమాని అడిగితే ఏమి చెప్పుదుము? ముందుగానే చెప్పి, అతని సమ్మతి తీసికొని, మేలని తేలినచో మొదట అతనికే చేయవలెను. సమ్మతి లేకుండా వదలుట అన్యాయము. పోల్చకుండానే వంద వాలులు త్రవ్వుట కూడ అన్యాయమే, కాకపోతే దానికి ఫిర్యాదు చేసేవాడు కనబడడు. బళ్ళారిలో 1954లో నెలకొల్పిన నేల సంరక్షణ కేంద్రము వంటివి పని చేయబట్టే, లోతైన నల్లరేగడిలో సమమట్టపు గట్లు వేస్తే నీరు నిలిచి పైరు కుళ్ళునని, నేల నెఱ్ఱెలిచ్చి గట్లు తెగునని తెలిసినది. ఎర్రనేలలో మేలైనది ప్రక్క ఊరి నల్లనేలలో కీడు.

గొఱ్ఱెలవారి మాట చాలామంది మరచిపోవుదురు. కాగితాలమీద "బంజరు" అని వ్రాసిన బీడు కురుబవానికి, ధనగరువానికి మేత. అక్కడ వరుసగా కందకాలు త్రవ్వి, మొక్కలు నాటి, మందను రానీయకుండ కంచె వేసినప్పుడు ఎవరి భూమిని బాగుచేసినట్లు? కందకము ఒడ్డున పచ్చదనము నిజమే. పది గజాలు అవతల గడ్డి పెరిగినదా, తరిగినదా అని ఆ మందవానిని అడిగితే చెప్పును.

కనుక ఈసారి ఎవరైనా చెక్‌డ్యాము నిమిత్తము చందా పుస్తకముతో వచ్చినచో, ఇవ్వండి. ఇచ్చేముందు మూడు ప్రశ్నలు మాత్రము అడగండి: దాని దిగువన ఏ చెరువున్నది, ఆ బీటిలో ఎవరి మందలు మేయును, అయిదేండ్ల తరువాత గండి పూడ్చేవారెవరు. బళ్ళారి, షోలాపూరు సంఘాలవారు మీ ఊరి పాత చెరువు చివరిసారిగా ఏ సంవత్సరము అలుగు పారినదో పెద్దలనడిగి మాకు వ్రాసి పంపండి.