నొప్పి కబురు పంపని చోట

చిత్తూరు పక్క ఒక తోటలో మామిడికాయలు కోస్తూ, కొమ్మ విరిగి కింద పడ్డాడు ఒక కుర్రాడు. వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. ఆపరేషన్ అయ్యాక వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ల పునరావాస కేంద్రంలో చేర్చారు. 1954లో కారు ప్రమాదంలో తన కాళ్లు చచ్చుబడినా, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్ఘీస్ పట్టుదలతో 1966లో మొదలైన చోటది.

పక్క మంచం పలమనేరు లారీ డ్రైవరుది. ఆయనకు మెడలో దెబ్బ. కాళ్లే కాదు, చేతివేళ్లూ స్వాధీనంలో లేవు. చూపు ఎప్పుడూ గోడ గడియారం మీదే. కుర్రాడు కుర్చీలో ఉంటే పావుగంటకోసారి కేకేసేవాడు: "అబ్బోడా, లెయ్!"

అంటే చేతులు ఊనుకుని పిరుదులు పైకెత్తమని. ఒకేచోట బరువు ఆనితే రక్తం ఆడక చర్మం చచ్చి పుండవుతుంది.

కుర్రాడికి ఒళ్లు మండింది. "గ్లాసెత్తి నీళ్లు తాగలేవు, నన్ను లెయ్యమంటావా? లేసి యాడికి పోవాల?"

"యాడికీ వద్దు. జానెడు లెయ్, సాలు."

ఒక రాత్రి భార్య ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెడుతోంది. "అబ్బోడా, నా నడుం కింద సూసి చెప్పు. ఈమెకు కండ్లు సరిగ్గా ఆనవు." కుర్రాడు విసుక్కుంటూనే కుర్చీ తిప్పుకుని వచ్చాడు. తోకఎముక మీద రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి వదిలాడు. తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, తెల్లబడనే లేదు. వెంటనే సిస్టర్‌ని పిలిచాడు.

ఆ ఎరుపు తగ్గేదాకా డ్రైవరును కుర్చీ ఎక్కనివ్వలేదు. గోడవైపు తిప్పి పడుకోబెడితే గడియారం కనబడదు. టైమెంతని అడగబోయేంతలో వెనకనుంచి కుర్రాడి కేక: "అన్నా, లేసినా!"

ఆ రోజునుంచి కుర్రాడు అద్దం పట్టుకుని ముందు తన వెనకభాగం చూసుకునేవాడు, తర్వాత ఆయనది చూసేవాడు.

నీతి: నొప్పి లేని ఒంటికి, వదలకుండా పోరే స్నేహితుడే కాపలా.

కుష్ఠు రోగుల వేళ్లు పోయేది జబ్బు తినేసి కాదు, నొప్పి తెలియక తగిలే దెబ్బలవల్ల అని డాక్టర్ పాల్ బ్రాండ్ తేల్చిందీ ఆ వేలూరులోనే. వెన్ను దెబ్బ తిన్నవాళ్లదీ అదే గండం. చూడ్డానికి వచ్చినవాళ్లు ధైర్యం చెప్పి, పండ్లు పెట్టి వెళ్తారు. వాళ్ల ప్రేమను కాదనను. కానీ సిగ్గుపడే చోట చూసి, ఉన్నమాట చెప్పే మనిషి విలువ వేరు. ఆ మనిషికి అన్ని అవయవాలూ ఆడాలనేం లేదు. ఒకడికి చేతులుండొచ్చు, ఇంకొకడికి ఓపిక. ఇంటికెళ్లాక పక్క మంచం ఉండదు. అందుకే డిశ్చార్జికి ముందే భార్యో, తమ్ముడో, ఊళ్లో ఈడువాడో ఆ వార్డులో కూర్చుని ఎరుపును వేలితో నొక్కి చూడటం నేర్చుకోవాలి.