మొదటి బొట్టు

ముప్పయ్యేళ్లు లేత్ మీద పనిచేశాను. మహర్నవమి పొద్దున మెయిన్ ఆపి, ముక్కను బిగించి తిప్పే చక్‌కి అంటిన నూనె తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టడం నా వంతు. ఒక ఏడు దసరాకి నెల ముందు, ఆ చక్కే తోటి టర్నరు చొక్కా చేతిని చుట్టేసి రెండు వేళ్లు తీసుకుపోయింది. నవమి నాడు దానికే మళ్లీ కుంకుమ పెట్టాలి. చెయ్యి రాలేదు. ఇంతకీ మనం మొక్కేది దేనికి?

ఈ ప్రశ్న 1920ల నాటి ఫొటోగ్రాఫర్లకీ ఎదురైంది. అమెరికాలో పాల్ స్ట్రాండ్ 1922 నాటి వ్యాసంలో యంత్రాన్ని కొత్త దేవుడన్నాడు. 1927లో చార్లెస్ షీలర్ ఫోర్డ్ వాళ్ల రివర్ రూజ్ కార్ఖానాకి వెళ్లి, ఒకదాన్నొకటి అడ్డంగా దాటే కన్వేయర్లను ఫొటో తీశాడు. చూడగానే శిలువ గుర్తొస్తుంది. వెనక వరసగా చిమ్నీలు. 1932లో అదే ఫొటోని నడుమ పెట్టి మూడు పలకల పటం చేశాడు, చర్చిలో బలిపీఠం మీద ఉండే పటంలా. అతని భక్తిని నేను శంకించను. ఆ ఉక్కు ముందు నాకూ చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ వేలమంది పనిచేసే ఆ చోట, ఎంత వెతికినా నా కంటికి ఒక్క మనిషి ఆనలేదు.

లూయిస్ హైన్ 1920లో తీసిన పవర్‌హౌస్ మెకానిక్ ఫొటో దగ్గర మాత్రం ఆగిపోతాను. గుండ్రటి ఇనప భాగం, అంచు చుట్టూ బోల్టులు. బనీనుతో ఉన్న మనిషి నడుం వంచి పెద్ద స్పానరు పట్టాడు. వీపు వంపు ఇనుము వంపులో ఒదిగిపోయింది. హైన్ అలా నిలబెట్టి తీసిందే. పనిలో ఎవరూ అంత అందంగా వంగరు. అయినా బలం చేతుల్లోంచి కాక నడుంలోంచి తియ్యాలన్నది అక్షరాలా నిజం. ఇదే హైన్ 1908 నుంచి మిల్లుల్లో పనిచేసే పిల్లల్ని ఫొటోలు తీస్తూ, వాళ్ల ఎత్తు తన కోటు గుండీలతో పోల్చి గుర్తుపెట్టుకునేవాడు. మరకి బలయ్యేది ఎవరో అంత దగ్గర నుంచి చూసినవాడు చక్రాన్ని దేవుణ్ని చేశాడంటే నేను నమ్మను. నా చూపు స్పానరు పిడి మీద బిగిసిన పిడికిలి దగ్గరే నిలుస్తుంది.

ఆ నవమి నాడు మా మేస్త్రీ నా చేతిలోంచి కుంకుమ భరిణె తీసుకున్నాడు. చేతికి కట్టుతో వచ్చి ఓ పక్కన నిలబడ్డ టర్నరు నుదుట మొదటి బొట్టు పెట్టాడు. ఆ తరవాతే చక్ వైపు తిరిగాడు.