‘మనోడు’ అన్న మాట ఎంతవరకు న్యాయం?

మా ప్రొద్దుటూరులో వీధి గొడవ ఏది జరిగినా గుమిగూడిన జనం ఏం జరిగిందని ముందుగా అడగరు. ‘ఎవరోడు?’ అని అడుగుతారు. ‘మనోడే’ అని తెలిస్తే ఒక తీర్పు, ‘వాళ్లోడు’ అని తెలిస్తే వేరొక తీర్పు. జమ్మలమడుగు, పులివెందుల వైపు ‘వర్గం’ అన్న మాట వింటూ పెరిగిన పాఠకులకు ఇది మేము వివరించనవసరం లేదు.

కొన్నేళ్ల క్రితం ఒక బేల్దారి కూలీ మస్జిద్ పెద్దల వద్దకు వచ్చాడు. అతను ముస్లిం కాదు. మనవారిలో ఒకరు ఇల్లు కట్టించుకుని, రెండు వారాల కూలి ఎగ్గొట్టారని అతని ఫిర్యాదు. పెద్దలు విన్నారు. ఆ యజమాని పేరున్న మనిషి, జమాఅత్‌కు అవసరమైనవాడు. ‘తర్వాత చూద్దాం’ అని పంపేశారు. ఆ కూర్చున్న వారిలో మేమూ ఉన్నాం, నోరు మెదపలేదు. మనవాడిని పరాయివాడి ముందు తలదించుకునేలా చేయడం ఎందుకు అన్నదే ఆనాడు మాకు తోచిన ఆలోచన.

మనుషులను ఒకటిగా పట్టి ఉంచేది ఏమిటి? సమాజశాస్త్రానికి మూలమైన ప్రశ్నల్లో ఇది ఒకటి. ఈ శాస్త్రానికి ఇప్పుడున్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడు ఆగస్ట్ కోంత్, 1839లో. అయితే అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందే, 1377లో, ఇబ్న్ ఖల్దూన్ అల్జీరియా ప్రాంతంలోని ఒక కోటలో కూర్చుని ‘ముఖద్దిమా’ రాశారు. రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అన్న ప్రశ్నకు ఆయన చూపిన కారణం ‘అసబియ్యత్’, అంటే నా వాడి కోసం నేను నిలబడతానన్న బంధం. మదరసాలో వారసత్వ పాఠం చదివినవారికి ‘అసబా’ అన్న మాట తెలుసు. తండ్రి వైపు బంధువులు అని అర్థం. ఉర్దూలో దురభిమానాన్ని ‘తఅస్సుబ్’ అంటాం. అదీ ఆ ధాతువు నుండి వచ్చిందే. మేలూ కీడూ రెండూ ఒకే వేరు నుండి మొలిచాయన్నమాట.

ఎడారిలో కోట గోడలు లేవు, రక్షకభటులు లేరు. అక్కడ మనిషికి రక్షణ అతని తెగవారే. అందుకే వారి మధ్య బంధం గట్టిగా ఉంటుంది. వారు నగరాన్ని జయిస్తారు, సుఖానికి అలవాటుపడతారు, తరాలు గడిచే కొద్దీ ఆ బంధం సడలిపోతుంది. సుమారు మూడు తరాలలో, అంటే నూట ఇరవై ఏళ్లలో, రాజ్యం ముసలిదైపోతుందని ఆయన లెక్క. ఈ బంధం రక్తం వల్లనే కాదు, ఆశ్రయం వల్ల, పొత్తు వల్ల కూడా కలుగుతుందని ఆయన చెప్పడం గమనించదగినది. మన సీమ ముఠాలను చూడండి. నాయకుడి వెంట తిరిగేవారందరూ అతని బంధువులా? కారు. కరువు నేలలో, కోర్టూ కచేరీ అందని పల్లెలో, ఎవరో ఒకరి నీడలో ఉండక తప్పని మనుషులు వారిలో ఎందరో. దానిని కేవలం పొగరు అని కొట్టిపారేసేవారు ఆ బతుకు ఎరగరు. ఆ నీడకు అద్దె చెల్లించవలసి వచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నాయకుడు ఎవరి మీదికి వెళ్లమంటే వారి మీదికి వెళ్లడమే ఆ అద్దె.

అయితే ఊరంతా వర్గమే కాదు. ఫ్రాన్సు పండితుడు ఎమిల్ దుర్ఖేమ్ 1893లో రాసిన గ్రంథంలో రెండు రకాల ఐక్యతలను వేరు చేశాడు. ఒకటి, అందరూ ఒకే తీరున ఉండటం వల్ల కలిగేది. రెండవది, పనులు పంచుకోవడం వల్ల ఒకరు లేక మరొకరికి గడవకపోవడం నుండి కలిగేది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో నిలబడితే ఆ రెండవది కళ్లకు కనబడుతుంది. నగ చేసే చేయి వేరు, మెరుగు పెట్టే చేయి వేరు, అమ్మే చేయి వేరు. ఆ చేతులన్నీ ఒకే కులానివీ, ఒకే మతానివీ కావు. ఒప్పందం నిలబడాలంటే దాని వెనుక కాగితంలో లేని నీతి ఒకటి ఉండాలన్నాడు దుర్ఖేమ్. ఆ బేల్దారి కూలీ చేతిలో కాగితం లేదు. మస్జిద్ దాకా అతన్ని నడిపించింది ఆ నీతి మీది నమ్మకమే.

మరి ‘మనోడు’ అనడమే పాపమా? ఇబ్న్ ఖల్దూన్ ఈ ప్రశ్నను దాటవేయలేదు. కోపాన్ని, కోరికను ధర్మం నిందించినా మనిషిలోంచి పెరికివేయమని చెప్పలేదు. సరైన దారికి మళ్లించమంది. అసబియ్యత్ కూడా అంతే. అసత్యం కోసం వాడితే నింద్యం, సత్యం కోసం నిలబడితే అవసరం. ఆయన వాదన ఇది. తనవారి అన్యాయానికి తోడ్పడటమే అసబియ్యత్ అని దైవప్రవక్త (స) వివరించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. దౌర్జన్యం చేసే సోదరునికి సహాయమంటే అతని చేయి పట్టుకుని ఆపడమేనన్న బుఖారీ హదీసు మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నదే. (వినడంలో మనకు లోటు లేదు.) సాక్ష్యం తమకూ, తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగా పోయినా న్యాయం మీద నిలవమన్న ఆదేశం దివ్య ఖుర్‌ఆన్‌లో నిసా సూరాలో ఉంది. అక్కడ ‘వాళ్లోడు’కు వేరే కొలత ఇవ్వలేదు.

అసబియ్యత్ లేనిదే రాజ్యం నిలవదని రాసిన ఆ పండితుడే 1384లో కైరోలో మాలికీ ఖాజీ అయ్యారు. సిఫారసులు చెవిన పెట్టలేదు. దొంగసాక్షులను శిక్షించారు. పలుకుబడి గలవారు ఏకమయ్యారు, ఏడాది తిరిగేసరికి పదవి పోయింది. భార్యాబిడ్డలు ఆయనను చేరడానికి వస్తూ ఓడ మునిగి చనిపోయిందీ ఆ రోజుల్లోనే. పదవి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది, ఎన్నోసార్లు. 1406లో కన్నుమూసే నాటికి ఆయన ఖాజీగానే ఉన్నారు.

ఇంకొక మాట. ‘మనోడు’ అన్న గీత మన ఇళ్ల లోపల కూడా ఉంది. తెలుగు మాట్లాడే దూదేకుల కుటుంబం నుండి సంబంధం వస్తే ఉర్దూ ఇళ్లలో ఎన్ని ముఖాలు మారతాయో మాకు తెలుసు. మేమూ ఉర్దూ చదువుల నుండి వచ్చినవాళ్లమే. నమాజు వరుసలో భుజం భుజం కలిపిన వారు పెళ్లి మాట దగ్గర ‘ఎవరోడు?’ అని అడుగుతున్నారు.

ముఖద్దిమాలోని ఆ అధ్యాయం విద్యార్థులకు చెప్పిన నాటి సాయంత్రం మేము ఆ యజమాని ఇంటికి వెళ్లాం. టీ తాగాం. విషయం ఎత్తగానే ఆయన మొహం మారింది. ‘మీరు కూడా వాడి తరఫునేనా, మౌలానా?’ అన్నారు. అవునన్నాం. డబ్బు పదిహేను రోజులకు ఇచ్చారు. కూలీ అప్పటికి పని వెతుక్కుంటూ ఊరు విడిచాడు. అతని అన్న చిరునామా కనుక్కోవడానికి మరో నెల పట్టింది.