దహరాకాశంలో ఒక ఊరు

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయం ఈ శరీరాన్ని బ్రహ్మపురం అంటుంది. ఆ పురంలో తామరపువ్వు లాంటి చిన్న ఇల్లు, ఆ ఇంట్లో చిన్న ఆకాశం. అదే దహరాకాశం. అంత చిన్నచోట వెతకవలసినంత ఏముందని అడిగేవారికి ఆచార్యుడు చెప్పే జవాబు గొప్పది. బయటి ఆకాశమెంతో లోపలిదీ అంతే. ద్యావాపృథివులు, అగ్నివాయువులు, సూర్యచంద్రులు అందులోనే ఇమిడి ఉన్నాయి.

పారాయణలో ఎన్నోసార్లు వల్లించిన ఈ భాగం, ఇంటిల్లిపాదీ కలిసి కొచ్చిలోని మట్టాంచేరి చూడబోయిన నాడు నాకు కళ్లెదుట నిలిచింది. రాజప్రాసాదం ఆవరణలో పళయన్నూరు భగవతి గుడి. ఆవిడ కొచ్చి రాజుల కులదేవత. రాజుగారి పడకగది గోడల నిండా రామాయణ చిత్రాలు. ఆ గుడి గోడనే ఆనుకుని యూదుల ప్రార్థనామందిరం, 1568లో కట్టిన సినగాగ్. పరాయినేలల నుంచి వచ్చినవారికి రాజు స్థలమిచ్చాడు. ఊరి చివర ఎక్కడో కాక, తన ఇలవేల్పు పక్కనే ఇచ్చాడు.

"తాతయ్యా, ఇక్కడ కూడా చెప్పులు విప్పాలా?" అని గుమ్మం దగ్గర ఆగింది మనవరాలు. విప్పాలి. లోపల నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలిరంగు పలకలు, చేత్తో చిత్రించినవి. పిల్ల ఒక్కొక్కటీ చూసుకుంటూ అడుగులు వేసింది.

చోటివ్వడం ఆకాశధర్మం అన్నారు పెద్దలు. మనసు విశాలం కావాలంటే భేదాలన్నీ చెరిగిపోవాలని సాధకులు చాలామంది అనుకుంటారు. ఉపనిషత్తు అలా అనలేదు. దహరాకాశంలో సూర్యుడు సూర్యుడే, చంద్రుడు చంద్రుడే. మట్టాంచేరిలోనూ గుడి గుడిగానే ఉంది, సినగాగ్ సినగాగ్‌గానే ఉంది. నడుమ గోడ ఉన్నా చోటు కరువు కాలేదు.

చోటివ్వని మనసులూ అక్కడికి వచ్చాయి. 1662లో పోర్చుగీసువారు ఆ మందిరాన్ని చాలావరకు ధ్వంసం చేశారు. డచ్చివారి కాలంలో అది మళ్లీ లేచింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక కొచ్చి యూదులు దాదాపు అందరూ వెళ్లిపోయారు. యూదుల వీధి ఉంది, ఆ ఇళ్లలో వాళ్లు లేరు. ఇక్కడే శ్రుతి మరో మాట చెబుతుంది: మనిషికి ఇక్కడ ఉన్నదీ, లేనిదీ కూడా ఆ లోపలి ఆకాశంలోనే ఉన్నాయట. ఎదురుగా ఉన్నవారికి చోటివ్వడం మర్యాద. వెళ్లిపోయినవారి చోటును పదిలంగా ఉంచడం ఉపాసన అని నా నమ్మకం.

పిల్లల్ని తీసుకుని మట్టాంచేరి వెళ్లండి. బయల్దేరే ముందు ఛాందోగ్యంలోని ఆ ఖండం ఒకసారి చదివి, దాని అర్థం వాళ్లకు చెప్పండి. శనివారం మాత్రం పెట్టుకోకండి. యూదులకు అది సబ్బాతు, ఆ రోజు సినగాగ్‌లోకి చూడవచ్చినవారిని రానివ్వరు.