సరదా ఖర్చుకు లెక్క వ్రాయవలెనా?

చదువవలసిన భాగములు: లూకా 14:28–30, యోహాను 12:1–8



జీతము వచ్చిన దినమున ఇంటి పెద్దను నిలిపి అడిగినయెడల, బియ్యమునకు ఎంత, బడి ఫీజుకు ఎంత, చిట్టీకి ఎంత, అప్పుకు కట్టవలసినది ఎంత అని తడుముకొనకుండ చెప్పును. సంఘ చందా కూడ చెప్పును. సరదాకు ఎంత అయినదని అడిగితే మాత్రము నవ్వి ఊరకుండును. ఆ నవ్వు వెనుక ఏమున్నదో ఈ నెల కొంచెము ఆలోచింతము.

సరదా అనగా ఏమి? మన సంగారెడ్డి ప్రాంతమున ఉర్దూ నుండి వచ్చిన 'షౌక్' అను మాట కూడ వినబడును. ఒకనికి పావురముల షౌక్. ఒకనికి సంక్రాంతి వచ్చెనా పతంగులు, చరఖాలు. ఒకడు ఆదివారము ఆరాధన ముగియగానే గాలము తీసికొని చెరువుగట్టు చేరును. యౌవనులకు క్రికెట్టు, బ్యాటు, బంతి, టోర్నమెంటు ప్రవేశ రుసుము, గెలిచిన దినమున బిర్యానీ. ఒకడు కీబోర్డు కొని తెల్లవారుజామున ఇంటిల్లిపాదిని లేపును. (పాటల బృందమువారికి దీనియందు అభ్యంతరము లేదు, పొరుగువారికి ఉండవచ్చును.) ఒక సహోదరి అల్లిక దారములు కొనును, మరియొకతె కుండీలలో గులాబీలు పెంచును. వీటిలో ఏదియు పాపము కాదు. త్రాగుడును జూదమును మేము ఈ వరుసలో చేర్చుట లేదు.

వినోదమంతయు లోకసంబంధమైనదని బోధించు పెద్దలు ఇంకను కొందరున్నారు. మేము వారితో ఏకీభవింపము. ఎనిమిది గంటలు, ఓవర్‌టైము ఉన్న దినమున పండ్రెండు గంటలు, యంత్రము ఎదుట నిలువబడి, వేడికిని రసాయనముల ఘాటుకును ఓర్చి వచ్చిన మనుష్యునికి, ఎవరికిని అమ్మని గంట యొకటి కావలెను. ఆ గంటను ఆయన పావురములతో గడిపినను, బంతితో గడిపినను అది ఆయనది. మా ప్రశ్న ఆ గంటను గూర్చి కాదు, దానికి అగు రూకలను గూర్చి.

పూర్వము ఈ ప్రశ్న ఇంతగా లేదు. మన పెద్దలు వానను నమ్ముకొని బ్రదికిరి. పంట చేతికి వచ్చినప్పుడే డబ్బు కంటబడెడిది. సరదాయు అప్పుడే. జాతర వచ్చెడిది, యక్షగానమువారు వచ్చి రాత్రంతయు ఆడెడివారు, ఊరివారందరును కలిసి వారికి ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. ఖర్చు అందరి కన్నుల యెదుటనే జరిగెడిది. తరువాత 1960వ దశకములో రామచంద్రపురమున బీ.హెచ్.ఈ.ఎల్. కర్మాగారము వచ్చెను, 1972లో పటాన్‌చెరువున ఇక్రిసాట్ పరిశోధనా సంస్థ వెలసెను, ఆ మీదట పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు పెరిగినవి. నెలజీతము వచ్చినది. దానితోపాటు సరదాయు నెలదై, దినమునదై, చిన్న చిన్న తునకలై పోయినది. ఎవరి సరదాను వారే, ఒంటరిగా, కొనుక్కొనుచున్నారు. కాబట్టి దాని మొత్తము ఎవరికిని కనబడదు, కొన్నవానికిని కనబడదు.

దినమునకు 30 రూపాయలు అనుకొందము. సంవత్సరమునకు అది 10,950 రూపాయలు. ముప్పది పెద్ద మొత్తమని మేము చెప్పుట లేదు. అయితే ఇంటివారిని అడుగక ఒక్కసారిగా 10,950 రూపాయలు తీయుటకు జంకువాడే, 30 రూపాయలను తన్ను తాను సహా అడుగక తీయుచున్నాడు. ఫోనులో అంతయు నమోదగుచున్నదిగదా అని కొందరు అందురు. నిజమే. ఫోను ఎవరికి చెల్లించితివో వ్రాయును గాని యెందుకు చెల్లించితివో తనంతట వ్రాయదు. కిరాణా దుకాణమున నూనెకు ఇచ్చినదియు, ఆ దుకాణముననే బంతికి ఇచ్చినదియు అచట ఒకే పేరున పడియుండును.

లెక్క వ్రాసినయెడల సరదాలోని సంతోషము చచ్చునని చెప్పువారు కలరు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. సువార్తలోనే దీనికి బలమైన సాక్ష్యమొకటి కనబడును. బేతనియలో మరియ విలువగల అత్తరు ప్రభువు పాదములకు పూసినప్పుడు, దాని ధర మూడువందల దేనారములని లెక్క కట్టినవాడు ఎవడు? ఇస్కరియోతు యూదా. సంచి అతని చేతనే యుండెను. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి దినమునకు ఒక దేనారము గదా. విశ్రాంతిదినములు తీసివేసినచో మూడువందల దేనారములు అనగా ఇంచుమించు ఒక సంవత్సరపు కూలి. ఉదయమున పటాన్‌చెరువు అడ్డా మీద పని కొరకు నిలుచున్నవారిని చూచినవారికి ఆ మొత్తము ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. యూదా కట్టిన లెక్క తప్పు కాదు. బీదలను గూర్చి అతడు పలికిన మాటయు వినుటకు బాగుగనే యున్నది. అయినను ప్రభువు ఆ స్త్రీ పక్షమున నిలిచెను.

ఇక లూకా 14వ అధ్యాయములో అదే ప్రభువు, గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనడా అని అడుగుచున్నాడు. అచట లెక్క మెచ్చదగినది, ఇచట లెక్క నిందింపదగినది. ఈ రెండును ఎట్లు పొసగును? మాకు తోచినది ఇది. గోపురము కట్టువాడు తన ఖర్చును తాను లెక్కించుకొనెను. యూదా మరియొకరి ఖర్చును లెక్కించెను. తాను సంచిలోనుండి తీసికొనుచున్నదానిని మాత్రము లెక్కింపలేదు. మన ఇండ్లలోను ఇదే జరుగుచున్నది. అన్న పావురముల గింజలకు ఎంత తగలబెట్టుచున్నాడో తమ్మునికి పైసలతో సహా తెలియును. తన బైకు అలంకారములకు ఎంతైనదో తెలియదు.

మెదకు ప్రాంతపు సంఘములకు ఈ విషయమున ఒక పూర్వికుడు కలడు. మెదకు దేవాలయమును కట్టించిన పాస్నెట్ దొరగారు వెస్లియను మిషనుకు చెందినవారు. ఆ మిషను పేరు జాన్ వెస్లీ నుండి వచ్చినది. ఆయన దీర్ఘకాలము తన రాబడి ఖర్చులను పుస్తకములో వ్రాసికొనినవాడు. ఆక్స్‌ఫర్డులోని మొదటి మెథడిస్టులలో ఒకని గూర్చి ఆయన ఇట్లు చెప్పెను: అతనికి ఏటికి 30 పౌనులు వచ్చినప్పుడు 28తో బ్రదికి 2 పౌనులు ఇచ్చివేసెను, మరుసటి ఏట 60 వచ్చినను 28తోనే బ్రదికెను, 90 వచ్చినప్పుడును అంతే, 120 వచ్చినప్పుడును అంతే. ఆ మనుష్యుడు వెస్లీయే అని చాలమంది తలంతురు. ఆ దినములలోనే ఒక చలికాలమున పలుచని వస్త్రముతో ఒక బాలిక ఆయన యొద్దకు వచ్చెను. జేబులో చేయి పెట్టగా దాదాపు ఏమియు లేదు. తన గది గోడలకు పటములు కొని అలంకరించిన డబ్బుతో ఈమెకు చలి తప్పించి యుండవచ్చునే అని ఆయన తన్ను తాను గద్దించుకొనెను. ఆ సంగతిని వృద్ధాప్యములో ప్రసంగించుచు మరల చెప్పెను.

గోడ మీది ప్రతి పటమును అట్లే చూడవలెనని మేము కోరము. అట్లు చూచినయెడల మెదకు దేవాలయపు రంగుల గాజు కిటికీలను ఏమి చేయుదుము? 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరములో అలసిన కండ్లు ఎన్నియో ఆ కిటికీల వెలుగున సేదదీరినవి. వెస్లీ ఆ గద్దింపును తన మీదనే వేసికొనెను, అది మాకు ముఖ్యము.

వేరొక మాదిరి గాంధీగారిది. 1888లో లండను వెళ్లిన తరువాత కొంతకాలము ఆయనకు దొరగా కనబడవలెనను షౌక్ పట్టెను. 19 షిల్లింగుల టోపీ, 10 పౌనుల సాయంకాలపు దుస్తులు, 3 పౌనులు కట్టి నాట్య పాఠములు, మరి 3 పౌనులకు వయొలిను. పియానోకు తగినట్లు అడుగు పడలేదు. మూడు వారములలో ఆరు పాఠములతో నాట్యము ముగిసెను. సుమారు మూడు నెలలకు ఆ మోజు తీరెను. ఇదంతయు ఆత్మకథలో ఆయనే వ్రాసిరి. మనము గమనింపవలసినది యేమనగా, ఆ మోజులో ఉన్నప్పుడును ఆయన బస్సు చార్జీలు, తపాలా బిళ్లలతో సహా అన్నియు వ్రాసికొనుచుండిరి. ఆ లెక్క ఆయనను వయొలిను కొనకుండ ఆపలేదు. కాని జీవితమును మార్చుకొందునని తలంచిన దినమున, ఎక్కడ ఎంత పోవుచున్నదో ముందే కాగితము మీద ఉండెను. ఖర్చును సగమునకు తగ్గించుకొనగలిగిరి. సరదాను చంపు కత్తిగా లెక్కను చూచి భయపడువారు ఈ సంగతి చదువవలెను.

లెక్కకు అందకుండునట్లే కల్పించిన ఆటలు కొన్ని ఉన్నవి. ఫోనులో రూకలు పెట్టి ఆడు రమ్మీ మొదలైనవి. తెలంగాణలో 2017లోనే చట్టమును సవరించి వీటిని నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటును డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలపై చట్టము చేసెను. ఆటగాడు గెలిచినదానిని పదిమందికి చెప్పును, పోయినదానిని తనలో దాచుకొనును. ఒక నెల పోయినదంతయు వరుసగా వ్రాసి కూడి చూపుమని అడిగినప్పుడు చేయి వణికినయెడల, అది సరదా కాదని తెలిసికొనవచ్చును.

మరి ఎట్లు వ్రాయవలెను? నోటుబుక్కులో ఒక పేజీ చాలును. రూపాయలతోపాటు పని దినములలోను వ్రాయుడని మా సలహా. దినమునకు 600 రూపాయలు వచ్చువానికి 2,400 రూపాయల గాలపు చక్రము నాలుగు దినముల పని. నాలుగు దినములు దానికి ఇచ్చుటకు మనసారా ఇష్టమైతే కొనుక్కొని సంతోషముగా చేపలు పట్టవచ్చును. ఈ పని దినములు ఏ వెలకు వచ్చుచున్నవో మన ప్రాంతమువారికి తెలియును. 2025 జూన్ 30న పాశమైలారపు ఫ్యాక్టరీ ప్రేలుడులో 40 మందికి పైగా కూలినాలి చేసికొనువారు ప్రాణములు విడిచిరి. వారిలో అనేకులు దూర రాష్ట్రముల నుండి వచ్చినవారు.

కొందరి పేజీ ఖాళీగానే యుండును. కాంట్రాక్టు కూలి అంతయు అద్దెకును తిండికిని సరిపోయిన ఇంట సరదా అను మాటకే చోటు లేదు. అట్టివారికి ఈ వ్యాసము చదివి వినిపింపవద్దు. వారి కష్టము నోటుబుక్కుతో తీరునది కాదు, అది కూలిని గూర్చిన ప్రశ్న. ఆ ప్రశ్న వారిని కాక, కూలి ఇచ్చువారిని అడుగవలసినది.

వ్రాయగలవారు ఆ పేజీని ఇంటిలో అందరు చూచు చోట పెట్టుడి. భర్త గాలము ఒక పంక్తి, కుమారుని బ్యాటు ఒక పంక్తి వ్రాసిన తరువాత, తల్లి పేరున ఏమి వ్రాయవలెనో ఆమెనే అడుగుడి. "నాకేమున్నది" అని ఆమె అనవచ్చును. మొదటి నెల ఆ పంక్తి ఖాళీగానే విడిచిపెట్టుడి, కొట్టివేయవద్దు. రెండవ నెల మరల అడుగుడి. పెండ్లినాట విడిచిపెట్టిన అల్లికయో, నేర్చుకొనవలెనని తలంచి మానుకొన్న హార్మోనియమో ఆమెకు జ్ఞాపకము రావచ్చును. అప్పుడు దాని ధర కనుగొని, ఆ పంక్తిలో వ్రాయుడి.